దయే తాళంచెవి అయ్యే పాయింట్ అండ్ క్లిక్ గేమ్ తయారుచేయడం ఎలా?

తెర మీద కనిపించేవాటిని మౌస్‌తో నొక్కుతూ ఆడే పాయింట్ అండ్ క్లిక్ అడ్వెంచర్ గేముల్లో హీరో ఎంత మంచివాడైనా చెయ్యి మాత్రం ఊరుకోదు. ఎవరింట్లోకో దూరతాడు, అలమరాలు తెరుస్తాడు, కంటికి కనిపించిందల్లా జేబులో వేసుకుంటాడు. తాడు, నిచ్చెన, పక్కింటివాళ్ల కోడిపెట్ట, ఏదీ వదలడు. ఇదేంటని అడిగే నాథుడూ ఉండడు. 1987లో లూకాస్‌ఫిల్మ్ గేమ్స్ విడుదల చేసిన మేనియాక్ మాన్షన్ కాలం నుంచీ ఈ తరహా ఆటల నడక దాదాపు ఇదే. దొరికింది తీసుకో, ఎక్కడో ఒకచోట వాడు, తలుపు తెరుచుకుంటుంది.

అందుకే దయ గురించీ, చేసిన తప్పు దిద్దుకోవడం గురించీ ఇలాంటి గేమ్ చేద్దామని కూర్చుంటే మొదటి చిక్కు హీరో దొరికినవన్నీ వేసుకునే ఆ సంచి దగ్గరే వస్తుంది. డైలాగుల్లో ఎంత కరుణ ఒలకబోసినా, ఆడేవాళ్ల వేళ్లు మాత్రం దొంగతనం చేస్తూనే ఉంటే ఆ కరుణ ఎవరికీ అంటదు. నా సలహా ఒక్కటే, సంచిని తిరగేయండి. ఆట మొదలయ్యేటప్పటికి అది నిండుగా ఉండాలి, ఆడేకొద్దీ ఖాళీ కావాలి. ఒకప్పుడు తీసుకున్నవాడు ఇప్పుడు ఎవరిది వాళ్లకి ఇచ్చుకుంటూ తిరగాలి. కింద చెప్పేదంతా ఈ ఒక్క నిర్ణయం నుంచి పుట్టిందే. ఒక్కరే కూర్చుని, పెద్దగా డబ్బు పెట్టకుండా, ఓ గంట ఆడుకునేంత చిన్న గేమ్ చేయాలనుకునేవాళ్ల కోసం రాస్తున్నాను.

మొదటి మెట్టు: రెండు పాత గేములు ఆడండి

మొదటిది గ్రిమ్ ఫాండాంగో. లూకాస్‌ఆర్ట్స్ కోసం టిమ్ షేఫర్ 1998లో చేసిన గేమ్. 2015లో వచ్చిన రీమాస్టర్డ్ కాపీలో మౌస్‌తో క్లిక్ చేసి ఆడే వీలు కూడా పెట్టారు, అదే తీసుకోండి. మెక్సికోవాళ్లు చనిపోయినవాళ్ల కోసం జరుపుకునే పండుగ బొమ్మల్లోంచి పుట్టిన లోకం అది. మనుషులంతా అస్థిపంజరాలు. మానీ అనే హీరో చనిపోయినవాళ్లకు ప్రయాణ టికెట్లు అమ్మే ఏజెంటు. బతికుండగా పుణ్యం చేసినవాళ్లకు నాలుగు నిమిషాల్లో గమ్యం చేర్చే రైలు దొరుకుతుంది. మిగతావాళ్లు నాలుగేళ్లు నడవాలి. మానీ కూడా తన పాత పాపాల బాకీ తీరేదాకా ఆ ఆఫీసులో చాకిరీ చేస్తున్నవాడే. అలాంటివాడు తోటి ఏజెంటుకు రావాల్సిన మంచి ఖాతాదారుని కొట్టేస్తాడు. ఫలితంగా ఆవిడ రైలెక్కాల్సింది పోయి కాలినడకన బయల్దేరుతుంది. ఆమెను వెతుక్కుంటూ వెళ్లడమే మిగతా ఆటంతా. హీరో చేసిన తప్పు నుంచే కథ కదలడం ఎలా ఉంటుందో గమనించండి. పజిళ్లు మాత్రం కొన్ని నరకం చూపిస్తాయి. చిక్కుకుపోతే సిగ్గుపడకుండా ఆన్‌లైన్‌లో సాయం చూసుకోండి, మనకు కావాల్సింది దాని ఎముకల గూడు.

రెండోది అల్టిమా నాలుగో భాగం, 1985 నాటిది. ఇది పాయింట్ అండ్ క్లిక్ కాదు, బొమ్మలు ఇప్పటి కంటికి ఆనవు. గాగ్ అనే సైట్‌లో ఉచితంగానే దొరుకుతుంది. ఇందులో చివర్లో చంపాల్సిన విలన్ లేడు, ఎనిమిది సద్గుణాలు సాధించడమే ఆట. మూలికలు అమ్మే ఒక గుడ్డామె ఉంటుంది. సరుకు తీసుకుని ఎంత డబ్బు పెట్టాలో మనమే టైప్ చేయాలి. తక్కువ పెట్టినా ఆమె గుర్తుపట్టదు. సరుకు చేతికొస్తుంది, ఆట సాగిపోతుంది. కానీ ఆట లోపల ఎక్కడో నిజాయితీ లెక్క తగ్గిపోతుంది, ఆ సంగతి మనకు చెప్పదు. ఈ ఒక్క అంగడి కోసమైనా ఓ సాయంత్రం దానికి కేటాయించండి.

రెండో మెట్టు: తప్పుకి పేరు పెట్టండి

"గతంలో చెడ్డవాడు, ఇప్పుడు మారాడు" అని రాసుకుంటే గేమ్ తయారవదు. ఏం చేశాడు, ఎవరికి చేశాడు, దాని వల్ల వాళ్లు ఏం పోగొట్టుకున్నారు, ఈ మూడూ వస్తువుల పేర్లతో సహా రాయాలి. వస్తువు పేరు రాయలేకపోతే దాని మీద క్లిక్ చేయించలేరు.

వివరించడం సులువవుతుందని ఒక ఉదాహరణ పట్టుకుందాం. బస్టాండు వెనక వీధిలో డైలీ ఫైనాన్స్ వసూళ్లు చేసిన మనిషి, పేరు కోటయ్య. పొద్దుటే అప్పిచ్చి సాయంత్రం నుంచే కిస్తీ వసూలు చేసే రకం. కట్టనివాళ్ల దగ్గర ఏది దొరికితే అది పట్టుకుపోయేవాడు. ఇప్పుడు వయసు మీద పడింది, ఊళ్లో ఆ వ్యాపారం మూతపడింది. బీరువా అడుగున మిగిలినవన్నీ చంకకు తగిలించుకునే ఆ పాత లెదర్ బ్యాగులో వేసుకుని వీధిలోకి దిగుతాడు. బ్యాగులో ఉన్నవి ఇవి: ఒక పెద్ద ఇనుప కత్తెర, ఓ పెన్షన్ తాత ఏటీఎం కార్డు, ఒక రేషన్ కార్డు, ముక్కుపుడక, సొట్టపడ్డ ఇత్తడి బిందె, ప్రోనోట్ల కట్ట. బ్యాగులో బిందె ఎలా పడుతుందని అడక్కండి, ఈ తరహా ఆటల్లో ఆ మాత్రం చెల్లుతుంది.

కోటయ్య ఎందుకు మారాడో చెప్పాలా? ఒక్క వాక్యం చాలు. అసలు లేకపోయినా నష్టం లేదు. ఫ్లాష్‌బ్యాకులు పెట్టి అతని మీద జాలి పుట్టించడం మొదలుపెడితే ఆట అతని గురించి అయిపోతుంది. అది అతను ముంచినవాళ్ల గురించి కావాలి.

మూడో మెట్టు: ఖర్చు లేని దయని పజిల్‌గా పెట్టకండి

ప్రోనోట్ల కట్టనే తీసుకోండి. మొదట ఎవరికైనా తట్టే సీను ఏమిటి? కోటయ్య నోట్లు చింపేస్తాడు, వెనక వయొలిన్ మోగుతుంది, టీ బండి అక్క కళ్లు తుడుచుకుంటుంది. సినిమాకైతే బాగుంటుంది. కానీ ప్రోనోటుకి మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుందని వీధిలో అందరికీ తెలుసు. ఆ పాత నోట్లు చింపడమంటే చిత్తుకాగితాలు చింపడమే. దాని వల్ల కోటయ్యకు నయాపైసా నష్టం లేదు. అక్క చేత ఇలా అనిపించండి: "వాటితో ఇప్పుడు నువ్వు చేసేది ఏముందిలే గానీ, అప్పుడు వారం వారం ఎక్కువ రాసుకున్న లెక్క ఉంది చూడు, అది తీసుకురా." ఆడేవాళ్లు ఉలిక్కిపడతారు. ఇప్పుడు పజిల్ మొదలైంది. పాత ఖాతా పుస్తకం వెతకాలి, ఎక్కువ వసూలు చేసింది ఎంతో తేల్చాలి, ఆ డబ్బు కోటయ్య ఇప్పటి సొత్తులోంచి రావాలి.

పజిల్ రాసిన ప్రతిసారీ అడగాల్సిన ప్రశ్న ఇదే: ఇందులో హీరో చెయ్యి జారిపోయేది ఏమిటి? డబ్బు, పరువు, సమయం, ఊళ్లో ఉన్న పేరు, ఏదో ఒకటి పోవాలి. ఏటీఎం కార్డు విషయం చూడండి. కార్డు తాత చేతిలో పెట్టేస్తే పని అయిపోయినట్టేనా? పిన్ నంబరు కోటయ్యకు తెలుసు, తాతకు తెలియదు. తాతను బ్యాంకుకు తీసుకెళ్లి, పిన్ మార్పించి, ఆయన కొత్త నంబరు నొక్కేటప్పుడు అటు తిరిగి నిలబడాలి. ఆ "అటు తిరగడం" అనేది ఆడేవాళ్లు చేయాల్సిన క్లిక్. గోడ మీద క్లిక్ చేస్తే కోటయ్య గోడ వైపు తిరుగుతాడు. క్లిక్ చేయకపోతే తాత నంబరు నొక్కడు, అలాగే చూస్తూ నిలబడతాడు. మాట ఒక్కటి అక్కర్లేదు.

నాలుగో మెట్టు: చివరి నుంచి వెనక్కి గీయండి

మంకీ ఐలాండ్ అనే గేమ్ చేసిన రాన్ గిల్బర్ట్ చాలాకాలంగా చెబుతున్న పద్ధతి ఒకటుంది, పజిల్ డిపెండెన్సీ చార్ట్. ముగింపుతో మొదలుపెట్టి, "ఇది జరగాలంటే ముందు ఏం జరిగి ఉండాలి" అని అడుగుతూ వెనక్కి గీసుకుంటూ రావడం. కంప్యూటర్ అక్కర్లేదు, పాత క్యాలెండర్ వెనక వైపు చాలు. కత్తెర కథ ఒక్కటి పూర్తిగా గీద్దాం, మిగతావి ఇదే పద్ధతి.

కత్తెర దర్జీ మస్తాన్‌ది. కోటయ్య అతని కుట్టుమిషన్ పట్టుకుపోయి అమ్మేశాడు, మిషన్‌తో పాటు వచ్చిన కత్తెర మాత్రం మిగిలిపోయింది. మస్తాన్ ఇప్పుడు ఇస్త్రీ బండి నడుపుతున్నాడు.

ముగింపు: మస్తాన్ తనంతట తానే కత్తెర అడిగి తీసుకోవాలి. అలా అడగాలంటే కత్తిరించాల్సిన అవసరం అతని కళ్లకు కనబడాలి. అందుకు ఎవరో చెడగొట్టిన జాకెట్టు ముక్క అతని బండి మీదికి రావాలి. ఆ ముక్క ఎక్కడిది? అతని పాత మిషన్ ఇప్పుడు ఎవరి దగ్గరుందో ఆ అమ్మాయిది. బారుగా కుట్టేస్తుంది గానీ కటింగ్ రాదు, ముఖ్యంగా క్రాస్ కటింగ్ పెడితే గుడ్డ పాడైపోతుంది. ఆ సంగతి ఆమె కోటయ్యకు ఎందుకు చెబుతుంది? అతను మిషన్ లాక్కుపోవడానికి రాలేదని నమ్మితేనే చెబుతుంది. ఆమె ఇల్లు కోటయ్యకు ఎలా తెలిసింది? మిషన్ ఎవరికి అమ్మాడో ఖాతా పుస్తకంలో రాసుకున్నాడు.

ఇప్పుడు దీన్ని ముందు నుంచి ఆడి చూడండి. ఆటలోకి దిగగానే ఎవరైనా చేసేది, కత్తెర తీసి మస్తాన్‌కి ఇవ్వడం. అతను ఇస్త్రీ పెట్టె ఆపడు. "అక్కడ పెట్టు" అని కూడా అనడు, తల కూడా ఎత్తడు. కత్తెర మళ్లీ బ్యాగులోకి వచ్చేస్తుంది. రెండోసారి ఇస్తే, "మిషన్ లేని కత్తెర ఏం చేసుకోను? గోళ్లు తీసుకోనా?" అంటాడు. సరే, మిషన్ వెనక్కి తెచ్చేద్దాం అనుకుంటారు ఆడేవాళ్లు. అమ్మాయి ఇంటికెళ్తే వాళ్లమ్మకు ఆ మిషనే ఆధారమని తెలుస్తుంది. మిషన్ మీద క్లిక్ చేయడానికి వీలుండాలి, "తీసుకో" అనే మాట తెర మీద వెలగాలి. నొక్కితే కోటయ్య చెయ్యి సగం చాచి ఆగిపోతాడు. పాత అలవాటు. ఈ ఒక్కచోట మాత్రమే ఆ క్రియ కనిపించాలి.

చివరికి ఆ జాకెట్టు ముక్కని "ఇస్త్రీ చేయి మస్తానూ" అని బండి మీద పెడితే అతను పెట్టె పక్కన పెట్టి, ముక్కని వెలుతురుకేసి పట్టుకుంటాడు. "చంక దగ్గర ఎవరు కోశారిది? గుడ్డ మీద పగేమన్నా ఉందా?" అంటాడు. కాసేపటికి చెయ్యి చాస్తాడు. "ఏదీ, ఇందాక ఏదో కత్తెర అన్నావే." ఆ తర్వాత మస్తాన్ ఆ అమ్మాయి ఇంటికి వెళ్తాడు. కోటయ్యకు ఒక్క థ్యాంక్స్ కూడా రాదు, రాకూడదు.

చూశారా, ఇక్కడ పరిష్కారం వస్తువులో లేదు. అదే కత్తెర, అదే మనిషి. మొదట పనిచేయనిది తర్వాత పనిచేసింది, ఎందుకంటే అతనికి అది కావాల్సి వచ్చింది. దీన్ని తలకిందులు చేసే రకం పజిల్‌కి 1999లో వచ్చిన గాబ్రియేల్ నైట్ మూడో భాగం పేరుమోసింది. అందులో మోటార్‌సైకిల్ అద్దెకు తీసుకోవడానికి హీరో పిల్లి వెంట్రుకలతో దొంగమీసం తయారుచేస్తాడు, మీసమే లేని స్నేహితుడిలా నటించడానికి. పాస్‌పోర్టు ఫొటో మీద కూడా మీసం గీసేస్తాడు. గేమ్ తయారుచేసినవాళ్ల బుర్రలో ఏముందో ఊహిస్తే తప్ప తేలని లెక్క అది. ఎదుటి మనిషికి ఏం కావాలో ఆలోచిస్తే తేలే లెక్క మనం పెట్టాలి.

చార్ట్ గీశాక ఒక్కటి సరిచూసుకోండి. ఏ సమయంలోనైనా ఆడేవాళ్లకు కనీసం మూడు దారులు తెరిచి ఉండాలి. ఒకటే దారి ఉంటే, అక్కడ చిక్కుకున్నవాళ్లు గేమ్ మూసేసి మళ్లీ రారు.

అయిదో మెట్టు: మార్కులు వేయకండి, పిలుపు మార్చండి

తెర మూలన "దయ: 40" అని చూపించారంటే ఆడేవాళ్లు దయని కూడా వసూలు చేయడం మొదలుపెడతారు, కోటయ్య కిస్తీలు వసూలు చేసినట్టే. లెక్క లోపల ఉండనివ్వండి. అదీ మొత్తానికి కలిపి ఒక్క అంకె వద్దు, మనిషికొకటి వేరుగా పెట్టుకోండి. మస్తాన్ కోపం వేరు, టీ బండి అక్క అనుమానం వేరు. ఒకరికి చేసిన మంచి ఇంకొకరి కోపాన్ని ఎందుకు తగ్గించాలి?

మరి మార్పు ఆడేవాళ్లకి ఎలా తెలియాలి? మన భాషలో దానికి మీటరు అక్కర్లేదు, పిలుపు చాలు. ఆట మొదట్లో వీధి అంతా కోటయ్యను "సార్" అంటుంది. భయంతో వచ్చిన గౌరవం అది. మధ్యలో "ఏందయ్యా", "ఏం కావాలి నీకు" లోకి దిగుతుంది. భయం పోయింది, కోపం మిగిలింది. చివర్లో ఒకరిద్దరు "కోటయ్య బాబాయ్" అనొచ్చు. అందరూ అనకూడదు. ప్రతి పాత్రకూ మూడు పిలుపులు ముందే రాసిపెట్టుకుని, లోపలి లెక్కని బట్టి వాక్యంలో మార్చేలా పెడితే సరిపోతుంది. క్రియలు కూడా మారాలని మర్చిపోకండి. మొదట్లో "కూర్చోండి" అన్న మనిషే మధ్యలో "కూర్చో" అనాలి, "బాబాయ్" అనేటప్పుడు మళ్లీ ఏది వాడాలో మీ ఊరి వాడుకని బట్టి తేల్చుకోండి.

ఆరో మెట్టు: తప్పు జతలకు జవాబులు రాయండి

బద్ధకం పట్టుకునేది ఇక్కడే, గేమ్ బతికేదీ ఇక్కడే. బ్యాగులో ఆరు వస్తువులు, మధ్యలో చేతికొచ్చే జాకెట్టు ముక్కతో ఏడు. మాట్లాడే మనుషులు, ఆ అమ్మాయితో కలిపి ఏడుగురు. మొత్తం 49 జతలు. అందులో సరైనవి ఏడో ఎనిమిదో. మిగతా నలభై చిల్లరకు "అది ఇక్కడ పనికిరాదు" అని ఒకే జవాబు పెడితే గేమ్ చచ్చిపోతుంది. ఆడేవాళ్లు ఎక్కువ సేపు గడిపేది తప్పు జతల మధ్యే కదా.

ఒక పేపరు మీద అడ్డగీతలు, నిలువుగీతలు కొట్టి గళ్లు నింపండి. మస్తాన్‌కి ముక్కుపుడక చూపిస్తే: "అది ఎవరిదో నాకు తెలుసు. దాచెయ్." పెన్షన్ తాతకు బిందె చూపిస్తే: "మా ఇంటిదే అనుకున్నా. మాది ఇంకొంచెం పెద్దదిలే." టీ బండి అక్కకు రేషన్ కార్డు చూపిస్తే: "ఆవిడ పాత కార్డు పోయిందని రాసిచ్చి, తిరిగి తిరిగి కొత్తది తెచ్చుకుంది. ఇప్పుడెందుకు ఇది?" ఇలా తప్పు జవాబుల్లోంచే వీధి కథ మొత్తం తెలిసిపోవాలి. రేషన్ కార్డు అసలు మనిషికి ఇచ్చినా ఉపయోగం లేదని ఆడేవాళ్లు ఇక్కడే ఊహించాలి. ఆవిడ దగ్గరకు వెళ్తే కార్డు తీసుకోదు, అప్పట్లో ఆఫీసు చుట్టూ ఎన్నిసార్లు తిరిగిందో చెబుతుంది. చేయాల్సింది వినడమే. ఈ సీన్‌లో డైలాగ్ దాటవేసే బటన్ పనిచేయకుండా ఆపండి. కొందరు విసుక్కుంటారు. విసుక్కోనివ్వండి.

క్రియల సంగతి, అంటే ఆడేవాళ్లు నొక్కే పనుల బటన్ల సంగతి కూడా ఇక్కడే తేల్చుకోండి. డే ఆఫ్ ది టెంటకిల్ లాంటి గేముల్లో తెర కింద తొమ్మిది క్రియలు ఉండేవి. మనకు నాలుగు చాలు: చూడు, అడుగు, ఇవ్వు, ఊరుకో. చివరిది ఏ గేమ్‌లోనూ బటన్‌గా పెద్దగా కనిపించదు. ఎదుటివాళ్లు తిడుతున్నప్పుడు సంజాయిషీ చెప్పుకోకుండా నిలబడటానికి అది. మిషన్ కోసం వచ్చాడేమోనని ఆ అమ్మాయి అరుస్తున్నప్పుడు సరైన జవాబు అదే.

ఏడో మెట్టు: తెలుగు అక్షరం విరగకుండా చూసే ఇంజిన్

ఈ తరహా గేములకు పాత కాపు అడ్వెంచర్ గేమ్ స్టూడియో. క్రిస్ జోన్స్ 1997లో మొదలుపెట్టిన ఉచిత ఇంజిన్, అంటే గేములు తయారుచేసే సాధనం. చనిపోయామని తెలియక తిరుగుతున్న ఆత్మలకు దారి చూపే బ్లాక్‌వెల్ గేముల వరస దీనితో చేసిందే, మన సబ్జెక్టుకు దగ్గరి చుట్టం. ఇంగ్లిష్‌లో చేసేట్టయితే కళ్లు మూసుకుని దీన్నే వాడండి. తెలుగుకు మాత్రం ఇది ఇబ్బంది. యూనికోడ్ అక్షరాలు చదువుతుంది గానీ గుణింతాలూ ఒత్తులూ కలిపి గీయడం దీనికి రాదు. "స్త్రీ" అని రాస్తే ముక్కలుముక్కలుగా వస్తుంది. డైలాగులన్నీ బొమ్మలుగా చేసి అతికించవచ్చు, కానీ ఒక్క అచ్చుతప్పు దిద్దాలన్నా బొమ్మ మళ్లీ చేయాలి. నాకైతే అంత ఓపిక దండగ అనిపిస్తుంది.

దీని బదులు గోడో అనే ఇంజిన్ నాలుగో వెర్షన్ తీసుకోండి. 2023 మార్చిలో వచ్చింది, ఉచితం, భారతీయ లిపులను సరిగ్గా కలిపి గీస్తుంది. దాని మీద పాయింట్ అండ్ క్లిక్ గేముల కోసం పొపొచియు అనే ఉచిత ప్లగిన్ (అదనంగా తగిలించుకునే భాగం) ఉంది. గదులు, పాత్రలు, వస్తువుల సంచి, డైలాగులు అన్నీ సిద్ధంగా ఉంటాయి.

తెలుగు పెట్టేటప్పుడు జాగ్రత్తపడాల్సినవి నాలుగున్నాయి. ఫాంట్‌ని ప్రాజెక్టులోనే పెట్టండి. మీ కంప్యూటర్‌లో ఉన్న ఫాంట్ మీద ఆధారపడితే బ్రౌజర్‌లో ఆడేవాళ్లకు అక్షరాల బదులు డబ్బాలు కనిపిస్తాయి. గూగుల్ ఫాంట్స్‌లో మండలి, మల్లన్న, ఎన్టీఆర్, రామభద్ర, సురన్న లాంటివి ఉచితంగా, గేముల్లో వాడుకునే అనుమతితోనే ఉన్నాయి. డైలాగులకు మండలి నప్పుతుంది, రామభద్ర శీర్షికలకు పెట్టుకోండి. రెండోది, వరసల మధ్య ఖాళీ ఇంగ్లిష్‌కి పెట్టినట్టు పెడితే పై వరస ఒత్తు కింది వరస గుడిని గుద్దుతుంది. "రాష్ట్రం", "జ్యోత్స్న" రెండూ ఒకదాని కింద ఒకటి రాసి చూసుకోండి. మూడోది, టైప్‌రైటర్‌లా అక్షరం అక్షరం పడే పద్ధతి. మామూలుగా వదిలేస్తే "క్షమించు"లో ముందు క, తర్వాత పొల్లు, ఆ తర్వాత షవత్తు పడి కళ్లు చెదిరిపోతాయి. గోడోలో లేబుల్‌కి ఉండే విజిబుల్ క్యారెక్టర్స్ బిహేవియర్ అనే సెట్టింగ్‌ని "ఆఫ్టర్ షేపింగ్"కి మార్చండి. అదీ నచ్చకపోతే మాటకు మాట పడేలా పెట్టండి, తెలుగు చదవడానికి అదే హాయి. నాలుగోది, డైలాగులన్నీ ఒకే స్ప్రెడ్‌షీట్‌లో ఉంచి అక్కడి నుంచి గేమ్‌లోకి లాగండి. పిలుపులు మార్చే పని సగం తగ్గుతుంది.

ఎనిమిదో మెట్టు: బొమ్మ, ఫోను, చప్పుడు

దీని గురించి ఎక్కువ చెప్పను. అయిదు తెరలు మించకండి: బస్టాండు మలుపు, ఇస్త్రీ బండి, అమ్మాయి ఇంటి వసారా, బ్యాంకు, కోటయ్య గది. కాగితం మీద గీసి ఫోన్‌తో ఫొటో తీసినా సరే, అయిదింటికీ ఒకే చెయ్యి కనిపించాలి. ఇంటర్నెట్‌లోంచి ఏరుకొచ్చిన బొమ్మలు కలపకండి.

మనవాళ్లు ఎక్కువగా ఆడేది ఫోన్లలో. అక్కడ మౌస్ ఆనిస్తే వెలిగే సౌకర్యం లేదు. నొక్కే చోటు కనీసం 48 డీపీ (ఆండ్రాయిడ్ తెర కొలత) వెడల్పు ఉండాలని ఆండ్రాయిడ్ మార్గదర్శకాలే చెబుతున్నాయి. ముక్కుపుడక లాంటి చిన్న వస్తువు చుట్టూ కనిపించని పెద్ద చతురస్రం గీయండి. చప్పుళ్లు మీ వీధిలోనే రికార్డు చేసుకోండి. ఇస్త్రీ పెట్టెలో బొగ్గు కదిలే శబ్దం ఏ ఉచిత లైబ్రరీలోనూ మీక్కావాల్సినట్టు దొరకదు.

తొమ్మిదో మెట్టు: ఒకరు క్షమించకూడదు

ముక్కుపుడక ఆవిడ తలుపు తీయదు. ఆట మొత్తంలో ఏం చేసినా, ఎన్ని మంచిపనులు చేసొచ్చినా తీయదు. ఇక్కడే చాలామంది తయారీదారులు కాళ్లు వణికి, రహస్య ముగింపు అంటూ ఒకటి పెట్టేస్తారు. వద్దు. అన్నీ సరిగ్గా చేస్తే క్షమాపణ తప్పకుండా దొరుకుతుందంటే, దానికి కిస్తీలు కట్టి విడిపించుకోవడానికీ తేడా లేదు. ఆవిడకు "వద్దు" అనే హక్కు ఉండాలి.

దీన్ని సాంకేతికంగా సరిగ్గా పెట్టాలి. లేకపోతే బగ్ (ప్రోగ్రాములో తప్పు) అనుకుంటారు. మూడోసారి తలుపు కొట్టాక లోపల్నుంచి ఒకే మాట రావాలి: "మళ్లీ రాకు." ఆ తర్వాత ఆ తలుపు మీద క్లిక్ అసలు పనిచేయకూడదు. వస్తువు బ్యాగులోనే ఉండిపోతుంది. ముగింపు సీన్ రావడానికి "బ్యాగు ఖాళీ కావాలి" అని షరతు పెట్టకండి, "మిగతా అయిదు పనులు పూర్తయ్యాయా, తలుపు మూడుసార్లు కొట్టాడా" అని పెట్టండి. గుమ్మం ముందు ముక్కుపుడక వదిలేసి వచ్చే వీలు ఇవ్వాలా అనేది మీ ఇష్టం. నేనైతే ఇవ్వను, అది కోటయ్య బరువు దించుకోవడమే గానీ ఆవిడకు ఒరిగేదేమీ లేదు.

పదో మెట్టు: పక్కన కూర్చుని నోరు మూసుకోండి

సగం తయారవగానే గేములు ఆడని మనిషి చేతిలో పెట్టండి. పిన్నో, మావయ్యో, కిందింటి టీచరు గారో. "అక్కడ నొక్కు" అనొద్దు, దగ్గొద్దు, నిట్టూర్చొద్దు. కాగితం మీద రెండే రాసుకోండి: ఎక్కడ ఆగిపోయారు, ఏ వస్తువు ఎవరికి ఇచ్చి చూశారు. రెండోది మీ 49 గళ్లలో ఏది బలహీనంగా ఉందో చెబుతుంది. ముగ్గురు ఒకే తప్పు జత ప్రయత్నించారంటే అది తప్పు కాకపోవచ్చు, ఆ దారి కూడా తెరవండి.

నిజంగా డైలీ ఫైనాన్స్‌కి అప్పు కట్టినవాళ్లెవరైనా తెలిస్తే వాళ్లచేత తప్పకుండా ఆడించండి. కోటయ్య మీద మీరు చూపిన జాలి వాళ్లకు ఎక్కువైందో లేదో వాళ్ల మొహంలో తెలిసిపోతుంది. ఎక్కువైతే కోసేయండి.

విడుదల

గేములు పెట్టుకునే ఇట్చ్ డాట్ ఐఓ అనే సైట్‌లో పెట్టడానికి పైసా ఖర్చు లేదు. బ్రౌజర్‌లోనే ఆడేలా ఒక కాపీ, ఆండ్రాయిడ్‌కి ఒక కాపీ పెట్టండి. ధర దగ్గర "ఇష్టమైనంత ఇవ్వండి" అని పెట్టుకోవచ్చు. గేములు అమ్మే స్టీమ్ అనే ఆన్‌లైన్ అంగడిలో పెట్టాలంటే గేముకి వంద డాలర్లు ముందే కట్టాలి, మొదటి గేముకి అది అనవసరం. పేజీలో తెలుగు వివరణ కింద ఇంగ్లిష్‌లో నాలుగు వాక్యాలు రాయండి, ట్యాగుల్లో పాయింట్ అండ్ క్లిక్ అనీ, తెలుగు అనీ తప్పకుండా ఇవ్వండి. వివరణలో "హృదయాన్ని హత్తుకునే" లాంటి మాటలు తీసేసి బ్యాగులో ఏమేం ఉన్నాయో రాయండి చాలు. మొదటి వారంలో వచ్చే ఫిర్యాదుల్లో ఎక్కువ భాగం ఆ తలుపు గురించే ఉంటాయి. బగ్ కాదని ఒక్కసారి జవాబిచ్చి, మిగతా సమయం గళ్లలో చప్పగా ఉన్న జవాబులు తిరగరాయడానికి వాడుకోండి.